వాంగ్: దేశానికి పేరిచ్చిన ఇల్లు

ఇంటిపేర్ల వెనక చరిత్ర – 14

కొరియా అన్న పేరు గొర్యొ నుంచి వచ్చింది. గొర్యొ ఒక రాజ్యం. 918లో మొదలై 1392లో ముగిసిన ఆ రాజ్యాన్ని 474 ఏళ్లపాటు ఒకే ఇంటివాళ్లు ఏలారు. వరసగా 34 మంది రాజులు. ఇంటిపేరు వాంగ్. ప్రపంచం ఇవాళ్టికీ ఆ దేశాన్ని వాళ్ల రాజ్యం పేరుతోనే పిలుస్తోంది. మరి ఆ ఇంటివాళ్లు ఎంతమంది మిగిలారు?

2000 నాటి జనాభా లెక్కల్లో దక్షిణ కొరియా ప్రభుత్వం ఇంటిపేర్లనూ వాటి వంశశాఖలనూ విడివిడిగా లెక్కగట్టింది. గొర్యొ రాజవంశానికి చెందిన కేసొంగ్ వాంగ్‌లు 19,808 మంది తేలారు. అప్పటి దేశ జనాభా దాదాపు 4 కోట్ల 60 లక్షలు. అంటే 2,300 మందికి ఒక్కరు. గొర్యొను కూలదోసి గద్దెనెక్కిన జొసొన్ రాజవంశం ఉంది కదా, ఆ జొంజు యీలు అదే లెక్కల్లో 26,09,890 మంది. ప్రతి 18 మందిలో ఒకరు. జొసొన్ 1392 నుంచి 1910 వరకు 518 ఏళ్లు నిలిచింది. ఏలుబడిలో రెండు వంశాలకూ ఉన్న తేడా 44 ఏళ్లే. జనసంఖ్యలో తేడా 130 రెట్లకు పైన.

ఈ తేడా వెనక ఒక ఊచకోత ఉంది. అయితే కథ అక్కడితో ఆగదు. మనుషుల్ని చంపడం ఒక ఎత్తు, బతికి ఉన్నవాళ్ల దగ్గర పేరు లాగేసుకోవడం మరో ఎత్తు. వాంగ్‌ల విషయంలో రెండో పనే ఎక్కువ దూరం వెళ్లిందని నా నమ్మకం. ఈ భాగమంతా ఆ మాట చుట్టూ నడుస్తుంది.

కొరియా ఇంటిపేర్ల పద్ధతి కొత్త పాఠకుల కోసం రెండు ముక్కల్లో. మనలాగే వాళ్లకూ ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. ఇంటిపేర్లు తక్కువ, జనం ఎక్కువ. 2015 లెక్కల ప్రకారం కిమ్, యీ, పాక్ అనే మూడు ఇంటిపేర్లవాళ్లే దేశంలో 44.6 శాతం. అందుకని ఇంటిపేరుకు ముందు మూలస్థానం ఒకటి చేరుతుంది. దాన్ని బోన్‌గ్వాన్ అంటారు. వంశానికి మూలపురుషుడైన వాడి ఊరు అది. గింహే కిమ్ వేరు, గ్యొంగ్జు కిమ్ వేరు. వాంగ్‌లలో రాజవంశం వాళ్లది కేసొంగ్. గొర్యొ రాజధాని అదే. ఇవాళ ఉత్తర కొరియాలో, సరిహద్దు పక్కనే ఉంది. 2000లో మొత్తం వాంగ్‌లు 23,447 మంది. కేసొంగ్ వాళ్లను తీసేస్తే మిగిలిన కొద్దిమందిలో జేనాం వాంగ్‌లు ఉన్నారు. చైనాలో మింగ్ రాజ్యం కూలిపోయాక, 1645లో కొరియా రాకుమారుడు బోంగ్నిమ్ షెన్యాంగ్ చెరనుంచి తిరిగొస్తుంటే ఆయన వెంట వచ్చిన చైనా వ్యక్తి సంతతి వాళ్లు. ఆ రాకుమారుడే తర్వాత హ్యోజోంగ్ పేరుతో రాజయ్యాడు.

వాంగ్ అంటే రాజు అని అర్థం. చైనా లిపిలో మూడు అడ్డగీతలు, వాటిని కలుపుతూ ఒక నిలువుగీత. ఆకాశం, మనిషి, భూమి అనే మూడింటినీ కలిపేవాడే రాజు అని హాన్ కాలపు పండితుడు డోంగ్ జోంగ్‌షూ దానికి వ్యాఖ్యానం చెప్పాడు. ఇదే అక్షరంతో ఇదే ఇంటిపేరున్నవాళ్లు చైనాలో పది కోట్ల పైమాటే. అక్కడి ప్రజాభద్రతా శాఖ లెక్కల్లో మొదటి స్థానం దానిదే. అదే అక్షరం కొరియాలో అరుదు.

గొర్యొ స్థాపకుడు వాంగ్ గొన్ 877లో సోంగాక్‌లో పుట్టాడు. కేసొంగ్‌కు పాతపేరు అది. సముద్ర వర్తకంతో బలపడిన కుటుంబం. విచిత్రమేమిటంటే ఆయన తాత పేరు జాక్‌జేగొన్, తండ్రి పేరు యోంగ్‌గొన్, ఆయన పేరు గొన్. మూడు తరాల పేర్లకూ తోక ఒకటే. తాతకూ తండ్రికీ నిజంగా వాంగ్ అనే ఇంటిపేరు ఉండేదా, లేక మనవడు గద్దెనెక్కాక అందరికీ వెనక్కి తగిలించారా అని కొరియా చరిత్రకారులు చాలాకాలంగా వాదించుకుంటున్నారు. గొర్యొ చివరి శతాబ్దపు పండితుడు యీ జేహ్యొన్ అప్పట్లోనే ఈ ముడి విప్పడానికి కూర్చున్నాడు. నాకైతే రెండో వాదమే బలంగా కనిపిస్తుంది. ఆ కాలంలో కొరియా స్థానిక నాయకుల్లో చాలామందికి ఇంటిపేరే లేదు. కొత్తగా రాజైనవాడు రాజు అనే అర్థమున్న పేరును తనకు పెట్టుకుని, దాన్ని పూర్వీకులకూ పంచాడనుకోవడంలో అసహజమేమీ లేదు.

పంచడం అక్కడితో ఆగలేదు. తనకు లొంగిన బలవంతులకు వాంగ్ గొన్ తన ఇంటిపేరును కానుకగా ఇచ్చేవాడు. తూర్పు తీరంలో మ్యొంగ్జు ప్రాంతాన్ని గుప్పిట్లో పెట్టుకున్న కిమ్ సున్‌షిక్ ఆ కానుకతో వాంగ్ సున్‌షిక్ అయ్యాడు. ఉత్తరాన బాల్హే రాజ్యం నాశనమయ్యాక 934లో వేలమందితో శరణు కోరి వచ్చిన యువరాజు దే గ్వాంగ్‌హ్యొన్‌కు వాంగ్ గ్యే అనే కొత్త పేరిచ్చి, రాజవంశం పట్టీలో చేర్చారు. వాంగ్ గొన్‌కు 29 మంది భార్యలు. ఒక్కో పెళ్లి ఒక్కో ప్రాంతపు నాయకుడితో పొత్తు. పెళ్లితో కొందరు బంధువులయ్యారు, పేరుతో కొందరు. రాజ్యాన్ని ఇలా కూడగట్టిన మనిషి ఆయన.

రాజభవనంలో ఇంకో పద్ధతి కూడా ఉండేది. రక్తం బయటికి పోకూడదని గొర్యొ రాజకుటుంబం దగ్గరివాళ్లనే చేసుకునేది. నాలుగో రాజు గ్వాంగ్‌జోంగ్ (పాలన 949–975) పెళ్లాడింది తన సవతి చెల్లెల్నే. రాణి దేమోక్. ఇద్దరూ వాంగ్ గొన్ బిడ్డలే, తల్లులు వేరు. రాతల్లో మాత్రం ఆమె వాంగ్ కాదు, హ్వాంగ్‌బో. అది తల్లి ఇంటిపేరు. వధువును తల్లి ఇంటిపేరుతో రాస్తే వరుస కుదిరిపోయేది. ఈ ఏర్పాటును గుర్తుపెట్టుకోండి. నాలుగున్నర శతాబ్దాల తర్వాత ఇదే ఏర్పాటు శిక్షగా మారి వాంగ్‌ల మెడకు చుట్టుకుంది.

ఇక పతనం. 1388లో మింగ్ సైన్యం మీదికి వెళ్లమని పంపిన సేనాని యీ సొంగ్‌గ్యే, యాలు నదిలోని విహ్వాదో లంక దగ్గర సైన్యాన్ని వెనక్కి తిప్పి రాజధాని మీదికి నడిచాడు. రాజు ఉ గద్దె దిగాడు, కొడుకు చాంగ్ ఎక్కాడు. 1389లో చాంగ్‌నూ దించేశారు. అందుకు చెప్పిన కారణం ఇంటిపేరే. ఉ అసలు వాంగ్ కాడట, సిన్ దోన్ అనే బౌద్ధ సన్యాసికి పుట్టినవాడట. కాబట్టి తండ్రీ కొడుకులిద్దరూ సిన్ వంశం వాళ్లు, దొంగను తీసి దొరను నిలబెడుతున్నాం అన్నారు. జొసొన్ వాళ్లు తర్వాత రాయించిన గొర్యొ చరిత్రలో ఈ ఇద్దరినీ రాజుల వరసలోంచి తీసి, ద్రోహుల ప్రకరణంలో సిన్ ఉ, సిన్ చాంగ్ అని ఎక్కించారు. జనం మాత్రం ఇంకో కథ చెప్పుకున్నారు. వాంగ్‌ల పూర్వీకురాలు నాగరాజు కూతురనీ, అందుకే వాంగ్ రక్తమున్నవాళ్ల చంకలో పొలుసులుంటాయనీ ఐతిహ్యం. చంపబోయే ముందు ఉ చెయ్యెత్తి తన పొలుసు చూపించాడంటారు.

దొరగా నిలబెట్టిన చివరి వాంగ్ పేరు గోంగ్‌యాంగ్. మూడేళ్లు ఆగి, 1392 చాంద్రమాన ఏడో నెలలో యీ సొంగ్‌గ్యే ఆయన్నీ దించి తానే రాజయ్యాడు. ఆయనకు తేజో అన్న పేరు తర్వాత వచ్చింది.

మొదట్లో చంపలేదు. గద్దెనెక్కిన కొద్దిరోజులకే వాంగ్‌లను గాంగ్‌హ్వా, గొజే దీవులకు తరలించాలని అధికారులు పట్టుబట్టారు, తరలించారు. కొందరిని వదిలారు. వాళ్లలో ముఖ్యుడు గోంగ్‌యాంగ్ తమ్ముడు వాంగ్ ఉ. ఆయన కూతుర్ని కొత్త రాజు కొడుకు బాంగ్‌బొన్‌కు ఇచ్చారు. వియ్యంకుడన్న మర్యాదతో ఆయనకు మాజొన్‌లో భూములిచ్చి, పాత రాజులకు తిథులు జరపమన్నారు.

1394 మొదట్లో నిప్పు రాజుకుంది. దక్షిణాన మిర్యాంగ్‌లో యీ హుంగ్‌మూ అనే గుడ్డి జోస్యుడు ఉండేవాడు. దోంగ్నే అధికారి కిమ్ గాహేంగ్, ఉప్పుమడుల అధికారి పాక్ జుంగ్‌జిల్ అతని దగ్గరికి వెళ్లి, కొత్త రాజు జాతకం గొప్పదా, గోంగ్‌యాంగ్ జాతకం గొప్పదా, వాంగ్‌లలో ఇంకెవరికైనా యోగం ఉందా అని అడిగారు. జోస్యుడు వాంగ్ హ్వా, వాంగ్ గొ అనే అన్నదమ్ముల పేర్లు చెప్పాడు. ఆ నోటి మాట రాజధాని చేరింది. జోస్యం అడిగినవాళ్లను పట్టుకున్నారు. అధికారులు రోజుల తరబడి రాజు ముందు ఒకటే పాట పాడారు: వాంగ్‌లు బతికి ఉన్నంతకాలం ఇలాంటివి ఆగవు, అందర్నీ తీసేయండి.

రాజు చాలాసార్లు కాదన్నాడని సిల్లోక్ రాసింది. సిల్లోక్ అంటే జొసొన్ రాజుల కాలాన్ని రోజువారీగా నమోదు చేసిన మహాగ్రంథం. 1997లో యునెస్కో ప్రపంచ స్మృతి పట్టికలో చేరింది. తేజో కాలపు సిల్లోక్‌ను పూర్తి చేసింది 1413లో, ఆయన కొడుకు తేజోంగ్ హయాంలో. తండ్రి చేతికి అంటిన రక్తాన్ని కొంతైనా కడగాలన్న కోరిక రాయించినవాళ్లకు ఉండే ఉంటుంది, ఆ సంగతి మనసులో పెట్టుకుని చదవాలి. చివరికి 1394 నాలుగో నెలలో రాజు అధికారులందరినీ సమావేశపరిచి, ఏం చేయమంటారో చెప్పమన్నాడు. దాదాపు అందరూ చంపమన్నారు. నక్షత్రాలు చూసే శాఖలో, వైద్యశాలలో, వంట సరుకుల కొట్టులో పనిచేసే చిన్న అధికారులు కొందరు మాత్రం దీవుల్లో ఉంచితే చాలన్నారు. వాళ్ల పేర్లు ఎవరికీ గుర్తులేవు. నాకు మాత్రం ఆ సమావేశంలో వాళ్లే పెద్దవాళ్లుగా కనిపిస్తారు.

ఆ తర్వాతి సంగతుల్ని సిల్లోక్ ఒక్కో వాక్యంతో దాటేస్తుంది. మూడు బృందాలు మూడు దిక్కులకు వెళ్లాయి. పదిహేనో తేదీన యున్ బాంగ్‌గ్యొంగ్ బృందం వాంగ్‌లను గాంగ్‌హ్వా రేవులో నీళ్లలో తోసింది. పదిహేడున జొంగ్ నామ్‌జిన్ బృందం సాంచొక్ చేరి, గోంగ్‌యాంగ్‌నూ ఆయన ఇద్దరు కొడుకులనూ ఉరి బిగించి చంపింది. ఇరవయ్యో తేదీన సొన్ హుంగ్‌జోంగ్ బృందం గొజే సముద్రంలో మిగతావాళ్లను తోసేసింది. దేశంలో ఇంకెక్కడ వాంగ్‌లున్నా వెతికి పట్టుకోమని ఆజ్ఞ వెళ్లింది, దొరికినవాళ్ల తలలు తీశారు. మెట్ట మీద కత్తికి బలైనవాళ్లకంటే నీళ్లలో పోయినవాళ్ల కథే జనం నోట ఎక్కువ నిలిచింది. కొత్త ఊరికి తీసుకెళ్తున్నామని నమ్మించి పడవెక్కించారనీ, మధ్యలో అడుగున చిల్లి పొడిచారనీ తరతరాలుగా చెప్పుకుంటారు.

నా దృష్టిలో అసలు దెబ్బ ఇరవయ్యారో తేదీన పడింది. ఆ రోజు వెలువడిన ఆజ్ఞలో రెండు భాగాలున్నాయి. గొర్యొ కాలంలో వాంగ్ పేరును కానుకగా పొందినవాళ్లంతా తమ అసలు ఇంటిపేరుకు తిరిగిపోవాలి. ఇక రాజవంశంతో సంబంధం లేకపోయినా సరే, వాంగ్ అనే ఇంటిపేరున్న ప్రతివాడూ తల్లి ఇంటిపేరు పెట్టుకోవాలి.

రెండో భాగం చూడండి. ప్రమాదం లేదని పాలకులే ఒప్పుకుంటున్న మనుషుల మీద ఆ ఆజ్ఞ పడింది. వాంగ్ అన్న శబ్దం దేశంలో వినబడకూడదన్నదే ఉద్దేశం. రాజు వియ్యంకుడు వాంగ్ ఉ ప్రాణాలతో మిగిలాడు గాని, ఆయన కొడుకులు జో, గ్వాన్ తల్లి ఇంటిపేరు తీసుకుని నో వంశం వాళ్లయ్యారు. తిథులు పెట్టే ఇంట్లోనే తండ్రిది ఒక పేరు, కొడుకులది ఇంకో పేరు. ఒకప్పుడు రాజభవనంలో పెళ్లి వరుస కుదర్చడానికి వాడుకున్న తల్లి ఇంటిపేరు ఇప్పుడు ప్రాణం దక్కించుకోవడానికి పనికొచ్చింది.

ఇక్కడ కొరియాలో ఎవరినడిగినా చెప్పే కథ ఒకటి ఉంది. పారిపోయిన వాంగ్‌లు తమ పేరు రాసే అక్షరానికి చిన్న మార్పు చేసి దాక్కున్నారట. మూడు గీతల వాంగ్ పక్కన ఒక చుక్క పెడితే ఓక్ అవుతుంది, అర్థం పచ్చరాయి. పైన కప్పు వేస్తే జొన్ అవుతుంది, అర్థం పూర్తి. నాలుగు పక్కలా గోడ కడితే ఇంకో జొన్, అర్థం పొలం. ఇంకొందరు కుమ్, మా అనే ఇంటిపేర్లను కూడా ఈ జాబితాలో కలుపుతారు. కొత్త పేరులో పాతపేరు కళ్లెదుటే ఉంటుంది, తెలిసినవాడికే కనిపిస్తుంది. కథ అందంగా ఉంది, కాదనను. పైగా వాంగ్‌లను ముంచిన గొజే దీవిలోనే ఓక్ ఇంటిపేరువాళ్లు గుంపుగా ఉంటారు. దాంతో కథకు ఇంకా బలం వచ్చింది.

కాని ఆ వంశాలవాళ్లు తమ గురించి తాము చెప్పుకునేది వేరు. ఉయిర్యొంగ్ ఓక్‌లు తమ మూలపురుషుడు టాంగ్ చైనా నుంచి కోగుర్యొ రాజ్యానికి వచ్చిన పండితుడంటారు. జొంగ్‌సొన్ జొన్‌లు బెక్జే రాజ్య స్థాపకుడు ఓంజో వెంట వచ్చిన వీరుడి నుంచి లెక్క మొదలుపెడతారు. పొలం అనే అర్థమున్న దామ్యాంగ్ జొన్‌లు గొర్యొ కొలువులోని అధికారిని మూలపురుషుడిగా చూపిస్తారు. అంత పాత రోజుల వంశకథల్ని అక్షరాలా నమ్మనక్కర్లేదు. అయినా ఈ ఇంటిపేర్లు 1394కు ముందే ఉన్నాయన్నది నిజం. జొన్ వంశానికే చెందిన జొన్ ఓర్యున్ గొర్యొ కొలువులో పనిచేసినవాడు. కొత్త రాజుకు తలవంచనని కేసొంగ్ దగ్గరి దుమున్‌దోంగ్ లోయలో తలదాచుకున్న 72 మంది విధేయుల్లో ఆయన్ని లెక్కిస్తారు. అక్కణ్ణుంచి జొంగ్‌సొన్ కొండల్లోకి వెళ్లిపోయాడట. పోయిన రాజ్యం మీద ఆయన బృందం పాడుకున్న విషాద గీతాలే జొంగ్‌సొన్ అరిరాంగ్ పాటకు మూలమని ఆ జిల్లావాళ్లు చెబుతారు.

ఇంకో మాట. ప్రాణభయంతో దాక్కునేవాడు పదిమందిలో కలిసిపోయే పేరు వెతుక్కుంటాడు. ఓక్ లాంటి అరుదైన పేరు పెట్టుకుంటే ఎవరు నువ్వు అని ఎదుటివాడు అడుగుతాడు. పైగా ఆజ్ఞలోనే తల్లి ఇంటిపేరు అని స్పష్టంగా ఉంది. తల్లులు ఎవరి ఆడపిల్లలు? కిమ్‌లు, యీలు, పాక్‌లు, చ్వేలు, నోలు. కాబట్టి తప్పించుకున్న వాంగ్‌లలో ఎక్కువమంది దేశంలోని పెద్ద ఇంటిపేర్లలో కలిసిపోయి ఉండాలి. వాళ్ల మనవల మనవలకు తాము వాంగ్‌లమన్న సంగతే తెలియదు. జనాభా లెక్కలు వాళ్లను ఎన్నటికీ పట్టుకోలేవు.

చంపించినవాడికి నిద్ర పట్టిందా? అదే ఏడు తేజో, చనిపోయిన వాంగ్‌ల కోసం సద్ధర్మపుండరీక సూత్రాన్ని బంగారు అక్షరాలతో రాయించాడు. మరుసటి ఏడు, 1395 రెండో నెలలో, కేసొంగ్‌లోని గ్వానుమ్‌గుల్, గొజే వైపున గ్యొనామ్‌సా, సాంచొక్‌లోని సామ్‌హ్వాసా అనే మూడు బౌద్ధాలయాల్లో ఏటా వసంతంలో, శరత్తులో వాళ్లకోసం సుర్యుక్‌జే జరపమని ఆజ్ఞ ఇచ్చాడు. నీటిలో, నేల మీద దిక్కులేకుండా పోయినవాళ్ల ఆత్మలకు అన్నం పెట్టే క్రతువు అది. స్థలాల ఎంపిక గమనించండి. చంపిన మూడు చోట్లకూ మూడు గుళ్లు. నీళ్లు వదలడానికి వారసుణ్ణి మిగల్చనివాడే ఆ బాధ్యత తలకెత్తుకున్నాడు. సామ్‌హ్వాసాలో ఆ క్రతువు ఇప్పటికీ జరుగుతోంది. 2013లో దక్షిణ కొరియా దాన్ని జాతీయ అమూర్త వారసత్వంగా గుర్తించింది.

ఇరవై ఏళ్లు గడిచేసరికి గాలి మారింది. 1413లో గోంగ్జులో వాంగ్ గొఉల్ఓమి అనే యువకుడు బయటపడ్డాడు. వాంగ్ హ్యు అనే ఆయనకు ఉంపుడుగత్తె వల్ల పుట్టిన కొడుకు. చంపాలని అధికారులు మళ్లీ మొదలెట్టారు. తేజోంగ్ ఒప్పుకోలేదు. వాంగ్‌లను చంపడం తన తండ్రి అసలు ఉద్దేశం కాదన్నాడు. యీ వంశం ధర్మంగా ఏలితే వందమంది వాంగ్‌లున్నా భయం లేదనీ, ధర్మం తప్పితే వాంగ్ కానివాడు కూడా లేచి గద్దె లాక్కోగలడనీ ఆయన వాదించినట్టు సిల్లోక్ చెబుతుంది. ఇకముందు దొరికిన వాంగ్‌లను వాళ్ల మానాన బతకనివ్వమన్నాడు. 1416లో గోంగ్‌యాంగ్‌కు రాజు హోదా తిరిగి ఇచ్చాడు.

బతకనివ్వమన్నారు, సరే. కాని ముందుకొచ్చి నేను వాంగ్‌నని చెప్పేదెవరు? ఆ నమ్మకం కుదరడానికి ఇంకో నలభై ఏళ్లు పట్టింది, అదీ ఒక పొలం గట్టు తగాదా వల్ల. గోంగ్జులోనే ఉఝి అనే రైతు మామూలు జనంలో కలిసి బతికేవాడు. పొరుగువాడితో హద్దు దగ్గర గొడవైంది. కక్షతో పొరుగువాడు ఇతను వాంగ్ వంశం వాడని అధికారుల చెవిన వేశాడు. అరవైయేళ్ల కిందటైతే ఆ ఫిర్యాదుకు తల తెగేది. 1452లో రాజు ముంజోంగ్ ఆ రైతుకు సున్‌రే అని పేరు పెట్టి, భూమి ఇచ్చి, దాసదాసీలను ఇచ్చి, గొర్యొ రాజుల గుడికి ధర్మకర్తను చేశాడు. పొరుగువాడి మొహం ఎలా మారిందో రాసినవాళ్లు లేరు!

ఆ గుడి సుంగ్‌యీజొన్. ఇప్పటి యొంచొన్ జిల్లాలో, ఇమ్‌జిన్ నది ఒడ్డున, కొండచరియ మీద ఉంది. వాంగ్ ఉకు భూములిచ్చిన మాజొన్ ఇదే ప్రాంతం. 1397లో కట్టారు. మొదట్లో ఎనిమిది మంది రాజులకు తిథులు జరిగేవి. జొసొన్ రాజు సేజోంగ్ కాలంలో, 1425లో, నలుగురికి కుదించారు. వాంగ్ గొన్, హ్యొన్‌జోంగ్, మున్‌జోంగ్, వొన్‌జోంగ్. మన ఇంటి పూర్వీకుల గుడిలోనే ఐదు తరాలకు పూజలు జరుగుతుంటే పాత రాజవంశానికి ఎనిమిదేమిటన్నది అప్పటి అభ్యంతరం.

సేజోంగ్ ఇంకో పని చేశాడు. ఈ గుడిలో వాంగ్ గొన్ కంచు విగ్రహం ఒకటి ఉండేది. గొర్యొ కాలంలో కేసొంగ్‌లో పూజలందుకున్న విగ్రహం, జొసొన్ వచ్చాక మాజొన్‌కు తరలించారు. కన్ఫ్యూషియన్ పద్ధతిలో పితృదేవతలకు చెక్కపలకలే ఉండాలి, విగ్రహం కూడదు. అందుకని 1429లో దాన్ని కేసొంగ్‌లోని వాంగ్ గొన్ సమాధి హ్యొన్నుంగ్ పక్కన పూడ్చిపెట్టించాడు. 1990ల మొదట్లో ఉత్తర కొరియా ఆ సమాధిని విస్తరిస్తుంటే తవ్వకాల్లో బయటపడింది. కూర్చున్న భంగిమ, ఎత్తు దాదాపు 138 సెంటీమీటర్లు, తల మీద చక్రవర్తులు పెట్టుకునే కిరీటం. ఒంటి మీద నూలుపోగు లేదు. మొదట్లో ఎవరో బుద్ధుడనుకున్నారు. అసలు సంగతేమిటంటే గొర్యొ కాలంలో ఆ విగ్రహానికి నిజమైన పట్టుబట్టలు కట్టేవారు, నడుముకు రాతి బిళ్లల పట్టీ చుట్టేవారు. మట్టిలో బట్టలు పుచ్చిపోయాయి, పట్టీ ముక్కలు పక్కన దొరికాయి. 2006లో ఆ విగ్రహాన్ని సోల్ జాతీయ మ్యూజియంలో ప్రదర్శనకు తెచ్చారు. దక్షిణ కొరియాలోని వాంగ్‌లు తమ మూలపురుషుడి ముఖాన్ని చూడగలిగిన మొదటి సందర్భం అదే.

సుంగ్‌యీజొన్ కొరియా యుద్ధంలో కాలిపోయింది. 1970ల్లో వాంగ్ వంశస్థులే పూనుకుని తిరిగి కట్టించారు. ఏటా రెండు తిథులు ఇప్పటికీ వాళ్లే జరుపుతున్నారు. కేసొంగ్ సరిహద్దుకు అవతల ఉండిపోయింది కాబట్టి దక్షిణాది వాంగ్‌లకు వంశమంతా కలుసుకునే చోటు ఇదొక్కటే.

మళ్లీ అంకెల దగ్గరికి. 130 రెట్ల తేడాకు 1394 ఒక్కటే సమాధానం కాదు. జొసొన్ సగం కాలం దాకా కొరియాలో చాలామందికి ఇంటిపేరే లేదు. బానిసలకు, వృత్తిపనివాళ్లకు ఆ అవసరం రాలేదు. పద్దెనిమిది, పందొమ్మిది శతాబ్దాల్లో చేతిలో డబ్బు చేరిన రైతులు, వర్తకులు గొప్పవాళ్ల వంశావళిలో చోటు కొనుక్కోవడం మొదలుపెట్టారు. ఆ గ్రంథాన్ని జోక్బో అంటారు. జోక్బోలో పేరుంటే సైన్యంలో వెట్టి తప్పేది, సంఘంలో మర్యాద పెరిగేది. 1894 సంస్కరణలతో బానిసత్వం రద్దయింది. 1909లో వచ్చిన పౌర నమోదు చట్టంతో ఇంటిపేరు లేని ప్రతివాడూ ఏదో ఒకటి రాయించుకోవలసి వచ్చింది. ఎంచుకునే వీలున్నప్పుడు ఎవరైనా ఏం ఎంచుకుంటారు? గింహే కిమ్, జొంజు యీ, మిర్యాంగ్ పాక్. గద్దె మీదున్న రాజుగారి ఇంటిపేరు కంటే గొప్ప పేరేముంటుంది? జొంజు యీల 26 లక్షల్లో అలా వచ్చి చేరినవాళ్ల సంతతి ఎంతో ఉంది.

కేసొంగ్ వాంగ్‌ల జోక్బో 1798లో, రాజు జొంగ్జో హయాంలో అచ్చయింది. నాలుగు వందల ఏళ్లు చెదిరిపోయి బతికినవాళ్లు తమను తాము ఒకచోట రాసుకున్న పుస్తకం. అందులోకి డబ్బిచ్చి దూరడానికి బయటివాళ్లకు పెద్దగా కారణం లేదు. వాంగ్ అనిపించుకుంటే కలిసొచ్చేది అంతంతమాత్రం, ఒకప్పుడు తలలు తెగిన పేరు అది. ఇంటిపేరు లేని జనం పెద్ద వంశాల్లోకి వరదలా చేరిపోతున్న ఆ కాలంలో వాంగ్‌ల గుమ్మం తొక్కినవాళ్లు తక్కువ. కిమ్, యీ, పాక్‌ల అంకెల్లో పుట్టుకతో వచ్చినవాళ్లెందరో, కొనుక్కుని వచ్చినవాళ్లెందరో విడదీయలేం. ఆ 19,808 మంది మాత్రం చాలావరకు 1394 తర్వాత ఎక్కడో పొలం గట్టు మీద పేరు దాచుకుని బతికిన కొద్ది కుటుంబాల పిల్లలే అయ్యుండాలి.

వచ్చే భాగం: మంగోల్ కాలం చివర్లో చైనాలో ఎర్ర తలపాగా తిరుగుబాటుదారుల నుంచి తప్పించుకుని, 1358లో గొర్యొకు చేరిన ఉయ్‌ఘుర్ పండితుడు సొల్ సోన్, కొరియాలో ఆయన వదిలి వెళ్లిన ఇంటిపేరు.